వల్లకాడు వేరు, సమాధుల తోట వేరు

మీరు అడిగింది ఇది: ఒంటరిగా ఊళ్ళు తిరిగేటప్పుడు పాత సమాధుల తోటల్లో ఓ గంట కూర్చుంటే మనసు నెమ్మదిస్తుంది, ఇంట్లో తెలిసి "నీకేమైనా పట్టిందా" అని తిడుతున్నారు, ఇది తప్పా? తప్పు కాకపోతే ఇక్కడా విదేశాల్లోనూ ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చు, అక్కడ ఎలా మసలుకోవాలి?

నాకీ అలవాటు మొదలై నలభై ఏళ్ళు దాటింది. గుంతకల్లులో టీటీఈగా చేసి రిటైరయ్యాను. మా ఉద్యోగం ఎలాంటిదంటే, రాత్రంతా బండిలో టికెట్లు చూసుకుంటూ తెల్లారేసరికి ఏదో ఊళ్ళో దిగుతాం. తిరుగు బండి మళ్ళీ సాయంత్రమే. రెస్ట్‌హౌస్‌లో నాలుగు గంటలు పడుకుంటే ఇక నిద్ర పట్టదు. పక్క మంచం మీద పేకాట. గుడికి వెళ్దామంటే మధ్యాహ్నం తలుపులు వేసేసి ఉంటాయి. రోజూ సినిమా అంటే జీతం చాలదు. పార్కులో కూర్చుంటే పల్లీలవాడు, చిలక జోస్యంవాడు, చెవిలో గుబిలి తీసేవాడు వరసగా వచ్చి పలకరిస్తారు. అలా ఒకరోజు నీడ కోసం వెతుక్కుంటూ ఒక పాత దొరల శ్మశానంలోకి వెళ్ళి వేపచెట్టు కింద కూర్చున్నాను. రెండు గంటలపాటు ఎవరూ నన్ను ఏమీ కొనమనలేదు, ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఏ ఊళ్ళో దిగినా టీకొట్టులో ముందు అడిగేది అదే: "ఇక్కడ పాత దొరల సమాధులు ఎక్కడున్నాయి?"

ముందు మీ ఇంట్లోవాళ్ళ సంగతి. వాళ్ళకి కోపం వచ్చింది మీరు చేసిన పనికి కాదనుకుంటాను, "శ్మశానం" అన్న మాటకి. ఆ మాట వినగానే మన ఇళ్ళల్లో కళ్ళముందు కదిలేది పాడె, కుండ, దారిపొడుగునా పేలాలు, కట్టెల మీద నెయ్యి వాసన. అది వల్లకాడు. అక్కడ ఆ రోజు ఒక కుటుంబం తమ పనిలో తాముంటుంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి అక్కడ పని లేదు, ఈ విషయంలో మీ అమ్మగారిదే సరైన మాట. కాశీలో మణికర్ణిక ఎదురుగా పడవలు ఆపి, ఫోన్లు పైకెత్తి కాలుతున్న చితుల్ని వీడియో తీసేవాళ్ళని చూశాను. గట్టు మీద గుండు చేయించుకుని కూర్చున్న ఒక కుర్రాడు వాళ్ళకేసి చూస్తున్నాడు. ఏమీ అనలేదు, ఊరికే చూస్తున్నాడు. నాకు మళ్ళీ పడవెక్క బుద్ధి కాలేదు.

సమాధుల తోట సంగతి వేరు. పూడ్చి రాయి నిలబెట్టి పేరు చెక్కారంటేనే, ఎవరైనా వచ్చి చదవాలని. క్రైస్తవుల ఇళ్ళల్లో అయితే ఇది కొత్తేం కాదు. నవంబరు 2న సమాధుల పండుగకి ముందు మట్టి సరిచేసి, సున్నం వేసి, ఆ సాయంత్రం పూలు, కొవ్వొత్తులు పట్టుకుని పిల్లాజెల్లాతో వెళ్తారు. కరీంనగర్‌లో కార్ఖానాగడ్డ దగ్గర శ్మశానవాటికలో దళిత కుటుంబాలు దీపావళి నాడు తమవాళ్ళ సమాధుల మీదే దీపాలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి తెచ్చి పెడతాయి, పిల్లలు అక్కడే టపాసులు కాలుస్తారు. కాబట్టి "మనవాళ్ళెవరూ అలాంటి చోటికి వెళ్ళరు" అని ఎవరైనా అంటే, ఆ "మనవాళ్ళు" ఎవరో అడగండి. గట్టిగా కాదులెండి, మెల్లగానే.

మా అమ్మ మాత్రం వాదించలేదు. నా అలవాటు తెలిశాక బయట తొట్టి దగ్గర ఒక చెంబు నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. "కాళ్ళు కడుక్కుని రా" అనేది, అంతే. నా పెళ్ళయ్యాక ఆ చెంబు మా ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ కోనసీమ మనిషి, నాతో మాత్రం ఎప్పుడూ లోపలికి రాలేదు, గేటు దగ్గరకి కూడా.

ఇక మసలుకోవడం. నాకు ఆ పాఠం చెప్పింది ఒక కాపలావాడి భార్య. ఊరి పేరు వద్దు. అప్పుడు నాకు ముప్పై కూడా ఉండవు. గోడ సగం కూలిన ఒక పాత తోట. నడుమెత్తు గద్దెలా కట్టిన పెద్ద సమాధి, పైన నున్నటి రాయి. పక్క సమాధి కూడా అలాంటిదే, దాని మీద తెల్లటి పంచె పరిచి వడియాలు ఎండబెట్టి ఉన్నాయి. నీడలో ఉన్నదాని మీద నేను కూర్చుని, బూట్లు విప్పి, పేపరు తీశాను. ఇంతలో వెనక నుంచి కేక: "ఏం నాయనా, మీ తాత మీదైతే ఇట్లాగే కూర్చుంటావా?"

లేచి నిలబడ్డాను. సిగ్గేసింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. వడియాలు చూపించి "మరి ఇదేంటమ్మా" అన్నాను. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. "ఏడాదికోసారి ఈ దొరసానికి సున్నం కొట్టేది నేను. పిచ్చిమొక్కలు పీకేది నేను. నేను ఆమెను అడిగే పెట్టుకున్నా. నువ్వెవరు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆవిడే ఒక విరిగిన మెట్టు చూపించి అక్కడ కూర్చోమంది. వెళ్ళేటప్పుడు ఆ దొరసాని పేరు చదివి చెప్పమంది. తనకి చదువు రాదు, వచ్చినవాళ్ళెవరూ చదివి చెప్పలేదట. ఇంగ్లీషు అక్షరాలు సగం అరిగిపోయాయి. వేలితో తడుముతూ చదివితే ఇరవై రెండేళ్ళ పిల్ల, కాన్పులో పోయింది. ఆవిడ "అయ్యో" అని, వడియాల పంచె కొంచెం ఇవతలికి జరిపింది.

అప్పట్నుంచి నేను పాటించేది ఒకటే. ఎంత పాడుబడ్డ తోటకైనా దాన్ని అంటిపెట్టుకుని ఎవరో ఒకరు ఉంటారు. కాపలావాడో, పక్కింటి ముసలమ్మో, చర్చి పాస్టరుగారో. ముందు వాళ్ళని పలకరించి లోపలికి వెళ్ళాలి. మీకు భద్రత కూడా అదే. "ఎవరో అమ్మాయి లోపల కూర్చుంది" అని ఒక మనిషికి తెలిసి ఉండటం కన్నా మంచి ఏర్పాటు లేదు. గేటు దగ్గర ఖాళీ సీసాలు, పేకముక్కలు కనిపించాయంటే ఆ తోట ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఎవరూ లేని చోట ఉండే ప్రశాంతత వేరు, ఎవరో దాక్కునే చోట ఉండే నిశ్శబ్దం వేరు. వానాకాలం గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంటే పాముల భయం మూఢనమ్మకం కాదు. పగుళ్ళిచ్చిన సమాధులంటే వాటికి ఇల్లు. చెప్పులతో కాదు, బూట్లతో వెళ్ళండి. సూర్యుడు వాలక ముందే బయటకి వచ్చేయండి. లోపల ఉండగా అంత్యక్రియలకి ఎవరైనా వస్తే, ఫోను జేబులో పెట్టి ఓ పక్కకి తప్పుకుని, వీలు చూసుకుని వెళ్ళిపోవడమే. దర్గా అయితే తల మీద చున్నీ, చెప్పులు బయట. కొన్ని దర్గాల్లో ఆడవాళ్ళని సమాధి గదిలోకి రానివ్వరు, అడిగితే చెప్తారు. అరిగిన అక్షరాలు కనిపించడానికి సుద్దముక్కతో, బొగ్గుతో రుద్దడం నేనూ చేశాను ఒకప్పుడు. చేయకూడదు, రాయి పాడవుతుంది. ఎండ ఏటవాలుగా పడే వేళకి వెళ్తే అక్షరాలు వాటంతటవే తేలతాయి.

చోట్ల విషయానికొస్తే మా సీమతోనే మొదలుపెడతాను, పక్షపాతం అనుకున్నా సరే. గుత్తి. బండి మారడానికి ఆ జంక్షన్‌లో మూడు నాలుగు గంటలు ఇరుక్కుపోయిన వాళ్ళెందరో నాకు తెలుసు. ప్లాట్‌ఫారం మీద కునికిపాట్లు పడే బదులు ఆటో ఎక్కి కోట కిందకి వెళ్ళండి. కొండ అడుగున చిన్న దొరల శ్మశానం ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోని మొదట పూడ్చింది ఇక్కడే. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి (నిజాం కంపెనీకి ఇచ్చేసిన సీమ, బళ్ళారి జిల్లాలకి) కలెక్టరుగా చేసి, రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి నిలబెట్టింది ఆయనే. గవర్నరయ్యాక, ఇంగ్లండు వెళ్ళిపోయే ముందు తను పనిచేసిన జిల్లాలు చివరిసారి చూసి వస్తానని బయల్దేరాడు. పత్తికొండ దగ్గర కలరా తగిలి 1827 జూలై 6న పోయాడు. 1831లో అవశేషాలు తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. అంటే గుత్తిలో ఇప్పుడున్నది ఆయన గుర్తు మాత్రమే, మనిషి లేడు. అయినా మా వైపు జనానికి అదేం పట్టలేదు. కొడుకులకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. దొర పేరుకి "అప్ప" తగిలించి మన దేవుళ్ళ వరసలో కలిపేసుకోవడం సీమవాళ్ళకే చెల్లింది.

అక్కడ చూడాల్సింది మన్రో ఒక్కడే కాదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక కొండ నీడ మెల్లగా కిందకి దిగుతుంది. ముందు గోడ, తర్వాత మొదటి వరస రాళ్ళు, తర్వాత మీరు కూర్చున్న చోటు. ఎండాకాలంలో ఆ నీడ మీ దాకా వచ్చే క్షణం కోసం ఎదురుచూడటం ఒక సుఖం. పైన కోటగోడల మీద గద్దలు తిరుగుతుంటాయి. దూరంగా గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు. నేను ఆ చప్పుడు విని వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ణి, ఉద్యోగం జబ్బు.

కోస్తాలో బందరు. ఆ ఊరి పేటల పేర్లలోనే సగం చరిత్ర ఉంది. వలందపాలెం ఒలందావాళ్ళది, అంటే డచ్చివాళ్ళది. పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. డచ్చి సమాధుల్లో 17వ శతాబ్దపు రాళ్ళున్నాయి. వాటి మీద వంశచిహ్నాలు ఉబ్బెత్తుగా ఎంత లోతుగా చెక్కారంటే, మన కలంకారీ అచ్చుదిమ్మలు గుర్తొస్తాయి. ఆ డచ్చివాళ్ళు వచ్చిందే ఈ ఊరి అద్దకం గుడ్డల కోసం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఈ ఊళ్ళో, చుట్టుపక్కలా కలిపి 30 వేల మందిని పొట్టన పెట్టుకుందని చెప్తారు. డచ్చి వర్తకుల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి, ఆ 30 వేల మందిలో దాదాపు ఎవరి పేరూ ఎక్కడా లేదు. బందరులో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. భీమిలిలో కూడా డచ్చివాళ్ళ తోట ఉంది, సముద్రం పక్కనే, స్తంభాల్లా నిటారుగా కట్టిన సమాధులు. విశాఖ నుంచి పొద్దున్నే వెళ్ళి, తిరుగు ప్రయాణంలో చేపలు కొనుక్కొచ్చేవాళ్ళూ ఉన్నారు. మీకెలా వీలైతే అలా.

హైదరాబాదులో అందరూ చెప్పేది కుతుబ్‌షాహీ సమాధులు. నిజంగానే గొప్పవి, ఈ మధ్య బాగుచేశాక ఇంకా బాగున్నాయి. కాకపోతే సెలవు రోజుల్లో పెళ్ళి ఫోటోల గోల. అక్కడ నాకు ఎక్కువ గుర్తుండేది అక్కడ లేని మనిషి. చివరి సుల్తాను తానీషాని 1687లో గోలకొండ పడిపోయాక ఔరంగజేబు పట్టుకెళ్ళి దౌలతాబాదు కోటలో పెట్టాడు, ఆయన అక్కడే పోయాడు, సమాధి ఖుల్దాబాదులో ఉంది. తాతముత్తాతల మధ్య ఆయనకి చోటు దక్కలేదు. భద్రాచలం రామదాసుని చెరలో పెట్టినవాడికి చివరికి చెరే దక్కిందని మా నాన్న అనేవాడు.

ఆ జనం వద్దనుకుంటే సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలో "పైగా" సమాధులకి వెళ్ళండి. పైగా అంటే నిజాములతో వియ్యమందిన ప్రభువుల కుటుంబం. గచ్చుతో చేసిన జాలీ (చిల్లుల తెర) పని చూస్తే అల్లిక అనుకుంటారు. మధ్యాహ్నం ఎండ ఆ జాలీల్లోంచి పడి నేల మీద ముగ్గులా పరుచుకుంటుంది. ముగ్గు జరుగుతూ ఉంటుంది, మీరూ దానితో పాటు జరిగి కూర్చోవాలి. మూసారాంబాగ్ వైపు ఒక గుట్ట మీద 1798లో పోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. మూసా రహీం అని ముస్లింలు, మూసా రాం అని హిందువులు పిలుచుకున్నది ఆయన్నేనని, ఆ పేటకి పేరు అలా వచ్చిందని అంటారు. సమాధి రాయి మీద పేరు ఉండదు, రెండక్షరాలే ఉంటాయి.

కలకత్తా వెళ్తే సౌత్ పార్క్ స్ట్రీట్ తోట వదలొద్దు. 1767లో మొదలైంది. పిరమిడ్లు, గుమ్మటాలు, వాటి మీద నాచు, పైన చెట్లు కలిసిపోయి నడి మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. సంస్కృతానికి, గ్రీకు లాటిన్ భాషలకి చుట్టరికం ఉందని చెప్పిన విలియం జోన్స్ ఇక్కడే ఉన్నాడు, 1794లో 47 ఏళ్ళకే పోయాడు. "హిందూ" స్టువర్ట్ అని పేరు పడ్డ సైనికాధికారి సమాధిని గుడి ఆకారంలో కట్టారు. మనిషి గంగాస్నానాలు చేశాడు, గుడి ఆకారం కింద పూడ్చబడ్డాడు, ఏ లెక్కలో వేసుకుంటారో మీ ఇష్టం. అక్కడ రాళ్ళ మీద వయసులు చూడండి. ఇరవై, పంతొమ్మిది, ఆరు నెలలు. వచ్చిన దొరలకి రెండు వానాకాలాలే ఆయుష్షు అని వాళ్ళలో వాళ్ళే అనుకునేవాళ్ళట.

యుద్ధ శ్మశానాల తీరు ఇంకోలా ఉంటుంది. నాగాలాండ్‌లోని కొహిమాలో 1944లో జపానువాళ్ళతో జరిగిన పోరులో పోయినవాళ్ళ సమాధులు 1,420. అప్పటి డిప్యూటీ కమిషనరు టెన్నిస్ కోర్టు మీదే హోరాహోరీ పోరు జరిగింది, ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా ఉంచారు. అధికారికైనా సిపాయికైనా ఒకటే కొలత రాయి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు విడిగా చెక్కి ఉన్నాయి. అంత దూరం వెళ్ళలేకపోతే చెన్నై నందంబాక్కంలో చిన్నది ఉంది, పచ్చిక చక్కగా కత్తిరించి ఉంటుంది, గలాటా ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకి, నేను ముందు ఇలాంటి చోట్లే చెప్తాను.

విదేశాల గురించి కూడా అడిగారు. నాకు తెలిసింది లండన్ ఒక్కటే, అదీ మా అమ్మాయి అక్కడ ఉండబట్టి. హైగేట్‌లో మార్క్స్ సమాధికి టికెట్ ఉంటుంది, మన కామ్రేడ్లు చాలామంది ఫోటో దిగి వస్తారు. నేను వెళ్ళింది కెన్సల్ గ్రీన్‌కి. కడపలో పనిచేసి, వేమన పద్యాలు ఏరి, నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరు 12న పోయాక అక్కడే పూడ్చారు. మెట్రో దిగితే పక్కనే, లోపలికి టికెట్ లేదు. కానీ 72 ఎకరాలు! ఆదివారం పూట వెళ్ళాను, అడగడానికి ఎవరూ దొరకలేదు. వానలో రెండు గంటలు తిరిగి, నక్కని చూసి, బ్రౌన్‌ని చూడకుండా తిరిగొచ్చాను. మీరలా చేయొద్దు. ఇంత పెద్ద తోటలకి పనిరోజు వెళ్ళండి, పేరు, పోయిన సంవత్సరం కాగితం మీద రాసుకుని ఆఫీసులో అడగండి.

ఆ ప్రయాణంలోనే ఒక వింత జరిగింది. నలభై ఏళ్ళు గేటు దాటని మా ఆవిడ, "కాటన్ దొర సమాధి కూడా ఈ దేశంలోనే కదా, తీసుకెళ్తారా" అని తనే అడిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ 1899లో పోయాడు, సమాధి డోర్కింగ్‌లో ఉంది, లండన్ నుంచి రైల్లో దాదాపు గంట. గోదావరి స్నానం సంకల్పంలో పురోహితులు ఆయన పేరున శ్లోకం చెప్పే సీమ ఆవిడది. నేను గేటు దగ్గర ఆగాను, అలవాటు కొద్దీ ఆవిడ బయటే ఉండిపోతుందేమోనని. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళింది. తడి గడ్డిలో బూట్లు, మేజోళ్ళు విప్పి, రైల్వే స్టేషన్ దగ్గర కొన్న పూలు పెట్టి, "మా నాన్నకి మూడెకరాలు ఆయన నీళ్ళే" అని మెల్లగా అంది. నాతో అందో దొరతో అందో తెలియదు.

సాయంత్రం మూడో అంతస్తులో మా అమ్మాయి ఫ్లాటుకి తిరిగొచ్చాం. తలుపు తీయగానే మా ఆవిడ గడప బయటే ఆగిపోయి, ఒక చెంబు నీళ్ళు తెమ్మంది. కారిడార్ అంతా కార్పెట్. మా అమ్మాయి నాకేసి చూసింది, నేను లిఫ్టుకేసి చూశాను. చివరికి ముగ్గురం కిందకి దిగి, కార్ పార్కింగ్ పక్కన మొక్కల దగ్గర కాళ్ళు కడుక్కున్నాం.